యూసుఫ్ (అలై) చొక్కా, మన చేతిలోని ఫోను

దివ్యఖుర్‌ఆన్‌లోని పన్నెండవ సూరా యూసుఫ్. దీన్ని చాలామంది ఒక యువకుని సహనగాథగా చదువుతారు. బావిలో పడవేయబడటం, బానిసగా అమ్ముడుపోవటం, చెరసాల, చివరకు ఈజిప్టు ఖజానాలపై అధికారం... మన చూపు ఆయన వెంటే నడుస్తుంది. కాని అదే సూరాలో ఇంటిపట్టున కూర్చుండిపోయిన ఒక వృద్ధుడు కూడా ఉన్నారు. ఆయన హజ్రత్ యాఖూబ్ (అలై). ఆయనది ఖాళీ ఇల్లు కాదు, కొడుకులు చుట్టూ ఉన్న ఇల్లు. అయినా ఆయన వారి నుండి ముఖం తిప్పుకొని యూసుఫ్‌ను తలచుకొని దుఃఖించారనీ, ఆ దుఃఖాన్ని లోలోపలే దిగమింగుకోవటంతో ఆయన కళ్ళు తెల్లబడిపోయాయనీ ఖుర్‌ఆన్ తెలుపుతోంది (12:84).

ఇంట్లోవారు ఏమన్నారో కూడా ఖుర్‌ఆన్ దాచలేదు. ఇలా తలచుకుంటూనే కృశించిపోతావా అని విసుక్కున్నారు. యూసుఫ్ పరిమళం నాకు తెలుస్తోందని ఆయన అన్నప్పుడు, ఇంకా ఆ పాత భ్రమలోనే ఉన్నావా అన్నారు (12:85, 95). మన ఇళ్ళల్లో ముసలివారు ఒకే సంగతి రెండోసారి చెప్పబోతే పిల్లలు నవ్వుతారు, పెద్దలు టీవీ శబ్దం పెంచుతారు. అన్నం పెట్టటంలో లోటు చేయని ఇళ్ళల్లో కూడా ఇది జరుగుతుంది.

తరువాత యూసుఫ్ (అలై) ఏం చేశారో గమనించండి. తన చొక్కాను సోదరుల చేతికిచ్చి, దాన్ని తండ్రి ముఖంపై వేయమన్నారు. చూపు తిరిగి వస్తుందన్నారు. ఆ వాక్యం ముగియకముందే ఇంటిల్లిపాదినీ తన వద్దకు తీసుకురమ్మన్నారు (12:93). చొక్కా ముందు వెళ్ళింది. అల్లాహ్ అనుగ్రహంతో అది తన పని చేసింది, చూపు వచ్చింది. కాని చొక్కా పంపి యూసుఫ్ (అలై) తన బాధ్యత తీరిందనుకోలేదు. తల్లిదండ్రులను రప్పించుకొని, తన పక్కన చేర్చుకొని, సింహాసనంపై కూర్చోబెట్టారు (12:99, 100).

దైవప్రవక్త మహిమకు, అంగట్లో కొన్న యంత్రానికి పోలిక పెట్టటం మా ఉద్దేశం కాదు. ఆ వరుసను మాత్రమే గమనించమంటున్నాం. ముందు ఒక వస్తువు దూరాన్ని దాటి కబురు చేర్చింది, దాని వెనుకే మనుషులు కలుసుకున్నారు. నేడు వృద్ధుల కోసం, వికలాంగుల కోసం రకరకాల ఫోన్లు, యాప్‌లు, పరికరాలు వచ్చాయి. వాటిని వద్దనటం తెలివితక్కువతనం. కాని వాటిని కలయికకు ముందు నడిచే చొక్కాగా వాడుతున్నామా, కలయికకు బదులుగా వాడుతున్నామా అన్నది ప్రతి ఇల్లూ చూసుకోవలసిన సంగతి.

ఒంటరిగా ఉండటం, ఒంటరితనం

ఈ రెండూ ఒకటి కావు. ఏతికాఫ్‌లో కూర్చున్నవాడు ఒంటరిగా ఉంటాడు, కాని అతనికి ఒంటరితనం లేదు. అది అతను కోరి తెచ్చుకున్న ఏకాంతం. కోరుకున్న సాంగత్యం దొరకనప్పుడు కలిగే బాధే ఒంటరితనం. అది పదిమంది మధ్యలోనైనా కలగవచ్చు. హజ్రత్ యాఖూబ్ (అలై) ఇల్లే అందుకు నిదర్శనం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయంపై ప్రత్యేకంగా ఒక కమిషన్ వేసి, 2025 జూన్ 30న నివేదిక విడుదల చేసింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారనీ, ఏటా 8 లక్షల 71 వేల మరణాలకు దానితో సంబంధం ఉందనీ అందులో చెప్పారు. గుండెజబ్బు, పక్షవాతం, మతిమరుపు, మనోవ్యాకులత వంటివి దీనితో పెరుగుతాయట. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఈ సమస్య కోసం మంత్రులనే నియమించుకున్నాయి. మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారమే అరవై దాటినవారు 10 కోట్ల 38 లక్షలు, వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం 2007లో చట్టం వచ్చింది. పోషించని కొడుకుపై తండ్రి ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు, నెలకు ఇంత ఇవ్వమని ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. కాని రోజుకు పది నిమిషాలు పక్కన కూర్చొని మాట్లాడమని ఏ అధికారీ ఉత్తర్వు ఇవ్వలేడు.

సూరె బనీ ఇస్రాయీల్‌లో తల్లిదండ్రుల హక్కు చెప్పిన ఆయతులో ఒక చిన్న మాట ఉంది. వారిలో ఒకరుగాని, ఇద్దరుగాని వార్ధక్యానికి చేరుకోవటాన్ని ప్రస్తావిస్తూ అక్కడ 'ఇందక' అనే పదం వాడబడింది (17:23). అంటే 'నీ వద్ద' అని. ముసలితనం నీ వద్దే గడవాలన్న భావం ఆ ఒక్క పదంలో ఇమిడి ఉంది. వారితో విసుగుగా 'ఉఫ్' అని కూడా అనరాదన్న ఆజ్ఞ ఆ తరువాతే వచ్చింది. దగ్గర ఉన్నవారికే కదా విసుగు కలిగేది! దుబాయిలో ఉన్న కొడుకుకు విసుక్కునే అవకాశమే లేదు. అతని పరీక్ష వేరు.

ధూల్‌పేట్ మేడమెట్లు

హైదరాబాద్ పాతబస్తీ వైపు, 1578లో కట్టిన పురానాపూల్‌కు దగ్గరలో ధూల్‌పేట్ ఉంది. ఒక పక్క జుమ్మెరాత్ బజార్, మరో పక్క మంగళ్‌హాట్, కాస్త దూరంలో బేగంబజార్. వినాయక విగ్రహాలకు, పతంగులకు పేరుపడ్డ పేట ఇది. లోధా కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ ఉన్నాయి. వాటి నడుమ, వాటి పక్కన ముస్లిం ఇళ్ళు ఉన్నాయి. సందులు ఇరుకు. స్థలం తక్కువ కనుక ఇళ్ళు పైకి పెరిగాయి. మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ళు అరిగిన ముసలామెకు, పోలియో సోకిన యువకునికి ఆ మెట్లే సరిహద్దు. సంక్రాంతి దినాల్లో డాబాలన్నీ పతంగుల పిల్లలతో నిండిపోతాయి, కింది గదిలో మంచంపై ఉన్నవారికి వారి అడుగుల చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

ఇలాంటి పేటల్లో మన పాఠక కుటుంబాలకు మరో చిక్కు కూడా ఉంది. మహబూబ్‌నగర్ నుండో, నల్గొండ నుండో, ఖమ్మం నుండో బతుకుతెరువుకు వచ్చి స్థిరపడిన ఇళ్ళు ఎన్నో. ఊళ్ళో తండ్రి కన్నుమూశాక తల్లిని ఇక్కడికి తీసుకువస్తారు. ఆమెకు నోరారా మాట్లాడటానికి వచ్చింది తెలుగు. వీధిలో వినిపించేది దక్కనీ, హిందీ. మనుమలు ఇంగ్లీషు మీడియం. ఊళ్ళో బావి దగ్గర, చేను గట్టున పదిమందితో మాట్లాడిన ఆమె ఇక్కడ రోజుకు పది మాటలు కూడా మాట్లాడదు. దాదీమా బాగానే ఉంది, వేళకు తింటోంది, ఏమీ అడగదు అని ఇంట్లోవారు సంతోషంగా చెబుతారు. ఏమీ అడగకపోవటమే ఆందోళన పడవలసిన విషయమని మా అభిప్రాయం.

పొరుగువారి హక్కులో మతం అడ్డురాదని కూడా ఇక్కడే గుర్తుచేసుకోవాలి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగువానికి పంపారా అని ఆయన ఇంట్లోవారిని అడిగారు. పొరుగువారి విషయంలో జిబ్రీల్ (అలై) పదేపదే తాకీదు చేయటం గురించి మహాప్రవక్త (సఅసం) చెప్పిన మాట ఆయనకు జ్ఞాపకం. ధూల్‌పేట్‌లో గోడకవతల ఉన్న లోధా ముసలాయనకు కూడా ఆ హక్కు ఉంది. ఈ వ్యాసంలో చెప్పేవన్నీ ఆయనకూ వర్తిస్తాయి.

ముందు చెవి, ఆ తరువాత ఫోను

సాంకేతిక పరికరం అనగానే అందరికీ స్మార్ట్‌ఫోన్ గుర్తుకొస్తుంది. మా దృష్టిలో ఒంటరి వృద్ధునికి అవసరమైన మొదటి పరికరం చాలా ఇళ్ళల్లో అది కాదు, చెవి మిషను. వినికిడి మెల్లమెల్లగా తగ్గుతుంది. మొదట ఆయన రెండోసారి అడుగుతాడు. మనం గట్టిగా చెబుతాం. గట్టిగా చెప్పటం కోపంగా చెప్పినట్లు వినిపిస్తుంది. కొన్నాళ్ళకు ఆయన అడగటం మానేస్తాడు, మనం చెప్పటం మానేస్తాం. దస్తర్‌ఖాన్ దగ్గర అందరూ నవ్వితే ఆయన కూడా నవ్వుతాడు, ఎందుకో తెలియకుండానే. ఇలాంటి మనిషి చేతికి వీడియో కాల్ ఇచ్చి 'అబ్బా, మాట్లాడండి' అంటే ఆయన ఏం మాట్లాడతాడు? రెండు నిమిషాల్లో ఫోను తిరిగి ఇచ్చేస్తాడు. ఆయనకు ఇష్టం లేదని మనం అనుకుంటాం.

కనుక ముందు చెవులు, కళ్ళు పరీక్ష చేయించండి. చెవిలో గువిలి గట్టిపడటం వల్ల కూడా వినికిడి తగ్గుతుంది, అది డాక్టరు కొన్ని నిమిషాల్లో తీసేస్తాడు. మిషను అవసరమైతే, స్తోమత లేని ఇళ్ళకు ప్రభుత్వ పథకాలున్నాయి. పేద వృద్ధులకు చెవి మిషను, కళ్ళద్దాలు, కట్టుడుపళ్ళు, చేతికర్ర, వాకరు, చక్రాల కుర్చీ ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే ప్రారంభమైంది. వికలాంగుల కోసం అంతకుముందు నుండే ఉన్న పథకం ఉంది. ఈ పరికరాలను తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో అప్పుడప్పుడు శిబిరాలు పెడుతుంది. మిషను ఇచ్చిన మొదటి వారంలోనే చాలామంది దాన్ని డబ్బాలో పెట్టేస్తారు, ఎందుకంటే అన్ని శబ్దాలూ ఒక్కసారి మీద పడతాయి. ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు రోజుకు గంట, రెండు గంటలు పెట్టించి అలవాటు చేయాలి. ఎదురుగా కూర్చొని, ముఖం కనబడేలా, నిదానంగా మాట్లాడాలి. అరవక్కరలేదు.

గొంతు ప్రయాణం

గల్ఫ్ దారి తెరుచుకున్న 1970లలో, 80లలో అక్కడికి వెళ్ళినవారు ఉత్తరం రాయటానికి బదులు క్యాసెట్టులో తమ గొంతు రికార్డు చేసి, సెలవుపై ఇంటికి వచ్చే తోటివారి చేతికిచ్చి పంపేవారు. చదువురాని తల్లికి అది ఉత్తరం కన్నా విలువైనది. మరొకరు చదివి పెట్టనక్కరలేదు, ఎన్నిసార్లయినా వినవచ్చు. తరువాత ఎస్టీడీ బూతులు వచ్చాయి, నిమిషాలు లెక్కపెట్టుకొని మాట్లాడిన రోజులు. 2013లో వాట్సాప్‌లో గొంతు సందేశం, 2016 నవంబరులో వీడియో కాల్ వచ్చాయి. అదే 2016లో జియో రావటంతో డేటా చవకై, ఇరుకు సందులోని గదికి కూడా ముఖం కనబడే ఫోను చేరింది.

ఇన్ని వచ్చినా ఆ పాత క్యాసెట్టులోని సుగుణం ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది. క్యాసెట్టు తీరికగా వినేది. వీడియో కాల్‌కు ఇద్దరికీ ఒకే వేళ కుదరాలి. రియాద్‌లో డ్యూటీ ముగిసే వేళకు ఇక్కడ తల్లి నిద్రపోతూ ఉండవచ్చు. చికాగోలో ఉన్నవానికి పగలు, ఇక్కడ రాత్రి. అందుచేత కాల్‌తోపాటు గొంతు సందేశాన్ని కూడా అలవాటు చేసుకోండి. 'అమ్మీ, ఈరోజు ఇక్కడ ఇలా జరిగింది' అని రెండు నిమిషాలు చెప్పి పంపండి, ఆమె తన మాటను తన తెలుగులో తిరిగి పంపుతుంది. ఊళ్ళో ఉన్న ఆమె చెల్లెలికి, వదినకు, పాత ఇరుగుపొరుగుకు కూడా ఇలాగే పంపించండి. ఆమె ఒంటరితనానికి మందు కొడుకు గొంతు ఒక్కటే అనుకోకండి, తనతో సమానమైన వయసువారి గొంతు కూడా కావాలి. మనుమలకు తెలియని మనుషుల గురించి ఆమె ఎవరితో మాట్లాడగలదు?

మనం చూస్తున్న మరో సంగతి చెప్పక తప్పదు. గల్ఫ్‌లోని కొడుకు వారానికి మూడుసార్లు ఫోన్ చేస్తాడు. అదే ఇంట్లో పై అంతస్తులో ఉన్న కొడుకు తల్లి గదిలోకి వచ్చి నెల అవుతుంది, 'గుడ్ మార్నింగ్' బొమ్మ మాత్రం రోజూ పంపుతాడు. దూరాన ఉన్నవానికి ఫోను చొక్కా వంటిది. మెట్లు దిగితే చేరుకోగలిగినవానికి అదే ఫోను ఒక సాకు.

గల్ఫ్ దేశాల్లో కొన్నిచోట్ల వాట్సాప్ కాల్ కలవదు, అక్కడి ప్రభుత్వం అనుమతించిన వేరే యాప్ ఉంటుంది. వెళ్ళేముందే దాన్ని తల్లి ఫోనులో పెట్టి, రెండుసార్లు చేసి చూపించి వెళ్ళాలి. విమానం ఎక్కాక ఇక్కడ నేర్పేవారెవరూ ఉండకపోవచ్చు.

కనబడనివారిని అడిగిన ప్రవక్త (సఅసం)

మస్జిదె నబవీని ఊడ్చి శుభ్రం చేసే ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. కొన్నాళ్ళుగా ఆమె కనబడకపోవటంతో మహాప్రవక్త (సఅసం) ఆమె గురించి అడిగారు. ఆమె చనిపోయిందని సహాబీలు చెప్పారు. వారు దాన్ని చిన్న విషయంగా భావించి ఆయనకు తెలపకుండానే ఖననం చేశారు. నాకెందుకు చెప్పలేదని ఆయన అడిగి, ఆమె సమాధి చూపించమని అక్కడికి వెళ్ళి ఆమె కోసం జనాజా నమాజు చేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఈ హదీసు ఉంది. జనాజా నమాజుకు సంబంధించిన శాసనాలు ఈ హదీసు నుండి ధర్మవేత్తలు గ్రహించారు. మేము ఇక్కడ మరో పాఠం చూస్తున్నాం. ఒక రాజ్యాన్ని నడిపే నాయకునికి, మస్జిద్‌లో ఎవరు కనబడటంలేదో తెలుసు.

నేడు దాదాపు ప్రతి మహల్లా మస్జిద్‌కూ వాట్సాప్ గ్రూపు ఉంది. ఎవరైనా చనిపోతే జనాజా వేళ, ఖబరస్తాన్ పేరు నిమిషాల్లో అందరికీ చేరతాయి. అంతకుముందు ఆరు నెలలుగా ఆ వ్యక్తి ఫజ్ర్‌కు రావటంలేదన్న కబురు మాత్రం ఆ గ్రూపులో ఎన్నడూ రాలేదు! గ్రూపు ఉంది, ఫోన్లు ఉన్నాయి, అడిగే అలవాటే లేదు. మస్జిద్ కమిటీ ఒక పుస్తకంలో మహల్లాలోని వృద్ధుల, మంచం పట్టినవారి, వికలాంగుల పేర్లు, ఇంటి నంబర్లు రాసుకోవాలి. ఇద్దరు ముగ్గురు యువకులు అసర్ తరువాత వంతులవారీగా ఫోను చేయాలి. స్త్రీలకు స్త్రీలే చేయాలి. ఫోను ఎత్తకపోతే ఆ సాయంత్రమే తలుపు తట్టాలి. దీనికి కొత్త యాప్ ఏదీ అక్కరలేదు. బటన్ ఫోను చాలు.

హజ్రత్ ఇత్బాన్ బిన్ మాలిక్ (రజి)కు చూపు మందగించింది. వాన కురిస్తే ఆయన ఇంటికీ, ఆయన నమాజు చేయించే మస్జిద్‌కూ మధ్య ఉన్న వాగు పొంగేది. దాటలేకపోయేవారు. వర్షాకాలంలో మన సందుల సంగతి తెలిసినవారికి ఆయన బాధ వివరించనక్కరలేదు. మా ఇంటికి వచ్చి ఒకచోట నమాజు చేయండి, ఆ చోటును నేను నమాజు స్థలంగా చేసుకుంటానని ఆయన మహాప్రవక్త (సఅసం)ను వేడుకున్నారు. ఆయన హజ్రత్ అబూబక్ర్ (రజి)ను వెంటబెట్టుకొని వెళ్ళారు. కూర్చోకముందే ఎక్కడ చేయమంటావని అడిగి రెండు రకాతులు చేశారు. ఆ కబురు తెలిసి వీధివారంతా ఆ ఇంట్లో గుమిగూడారు, భోజనం వడ్డించబడింది. నమాజు కోసం బయటకు వెళ్ళలేని మనిషి ఇల్లే ఆరోజు మస్జిద్ అయింది.

మరొక సంఘటన మక్కా విజయం నాటిది, క్రీ.శ. 630. హజ్రత్ అబూబక్ర్ (రజి) తన వృద్ధ తండ్రి అబూ ఖుహాఫాను చెయ్యిపట్టి తీసుకువచ్చారు. ఆయనకు చూపు లేదు. ఈ పెద్దాయనను ఇంటివద్దే ఉంచవలసింది, నేనే వచ్చేవాణ్ణి కదా అన్నారు ప్రవక్త (సఅసం). అప్పటికి అబూ ఖుహాఫా ఇస్లాం స్వీకరించనే లేదు.

2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చి మస్జిద్‌లు మూతపడినప్పుడు అందరికీ కొన్ని వారాలపాటు మంచంపట్టినవారి బతుకు ఏమిటో తెలిసింది. ఆ ఏటి రమజాన్ ఇళ్ళల్లోనే గడిచింది. బయానులు ఫోనులో విన్నాం. జూన్‌లో మస్జిద్‌లు తెరవగానే మనం వెళ్ళిపోయాం, వెళ్ళలేనివారు అక్కడే ఉండిపోయారు. వారి కోసం ప్రసారాలు మాత్రం చాలాచోట్ల ఆగిపోయాయి. బ్రిటన్‌లోని అనేక మస్జిద్‌లు చిన్న రేడియో రిసీవర్ల ద్వారా అజాన్‌ను, బయాన్‌ను నేరుగా ఇళ్ళకు పంపుతాయి. వంటింట్లో, మంచం పక్కన ఆ పెట్టె ఉంటుంది. మన దగ్గర అదే పని ఒక ఫోనుతో, చిన్న స్పీకరుతో చేయవచ్చు. జుమా ఖుత్బాను, దర్సును మంచం దగ్గరకు చేర్చండి. ఒక విషయం మాత్రం తెలుసుకోవాలి. ప్రసారంలో వినిపించే ఇమామును ఇంటి నుండి అనుసరించి జమాఅత్ నమాజు చేయటం చెల్లదని అత్యధిక ధర్మవేత్తలు చెప్పారు. ఖుత్బా వినాలి, తన నమాజు, అంటే జుహర్, తాను చేసుకోవాలి. అనారోగ్యం వల్ల చేయలేకపోతున్న ఆరాధనలకు, ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసినట్లే పుణ్యం రాయబడుతుందన్న శుభవార్త హదీసులో ఉంది. ఆ మాట వారికి ఎవరైనా పక్కన కూర్చొని చెప్పాలి.

ఇచ్చే చెయ్యి కూడా

వికలాంగుల గురించి మాట్లాడేటప్పుడు మనం పొరపడే చోటు ఒకటుంది. వారిని తీసుకునేవారిగానే చూస్తాం. హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అంధులు. ఆయన రాక సందర్భంగానే సూరె అబస అవతరించింది. ఆయన మదీనాలో ముఅజ్జిన్‌గా ఉన్నారు. రమజాన్‌లో హజ్రత్ బిలాల్ (రజి) అజాన్ సహరీ వేళ తెలిపేది, ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అజాన్ ఫజ్ర్‌ను ప్రకటించేది. చూపులేని ఆయనకు తెల్లవారిందని ఎవరో చెప్పేవారు. అప్పుడు ఆయన ఊరంతటికీ చెప్పేవారు. ప్రవక్త (సఅసం) ప్రయాణాలకు వెళ్ళినప్పుడు మదీనాలో ఆయన్ను తన స్థానంలో ఉంచి వెళ్ళిన సందర్భాలు కూడా ఉన్నాయి. చూడలేనివానికి ఒకరు ఒక్క మాట అందించారు, ఆయన ఊరికంతటికీ అందించారు.

నేటి ఫోను ఆ ఒక్క మాట అందించగలదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే సదుపాయం ముందే ఉంటుంది. సెట్టింగులలో దాన్ని తెరిస్తే తెరపై ఉన్నది తెలుగులో కూడా చదివి వినిపిస్తుంది. డెన్మార్క్‌లో మొదలై 2015 నుండి అందుబాటులో ఉన్న 'బీ మై ఐస్' అనే ఉచిత యాప్‌లో చూపులేనివారు కెమెరా చూపిస్తే, ఎక్కడో ఉన్న స్వచ్ఛంద సేవకుడు మందుసీసాపై ఏముందో, చొక్కా ఏ రంగో చెబుతాడు. అయితే బ్యాంకు కాగితాలు, ఏటీఎం కార్డు అపరిచితునికి చూపించరాదు. చెవిటి, మూగవారికి వీడియో కాల్ వచ్చాకే దూరాన ఉన్నవారితో సంజ్ఞల భాషలో నేరుగా మాట్లాడే వీలు కలిగింది. మనం మాట్లాడింది అక్షరాలుగా తెరపై చూపే యాప్‌లు కూడా వచ్చాయి. ఖుర్‌ఆన్ ముస్హఫ్‌పై ఆనిస్తే ఆ ఆయతు పఠించే పెన్నులు అమ్ముతున్నారు. చూపు మందగించిన వృద్ధులకు మంచి కానుక.

ఇవన్నీ ఇచ్చాక వారికి ఒక పని కూడా ఇవ్వండి. హాఫిజ్ అయిన ముసలాయన ఫోనులో ఇద్దరు పిల్లల సబఖ్ వినగలడు. దాదీమా తన ఊరి వంటలు, వైద్యం, వంశం సంగతులు గొంతు సందేశాలుగా చెప్పి మనుమలకు పంపగలదు. చక్రాల కుర్చీలోని యువకుడు పైన చెప్పిన మస్జిద్ పుస్తకంలోని పేర్లకు ఫోను చేసే బాధ్యత తీసుకోగలడు. ఎవరూ ఏమీ అడగని మనిషికి ఒంటరితనం తగ్గదు. సూరె నూర్‌లో అంధునికి, కుంటివానికి, రోగికి ఇతరులతో కలిసి తినటంలో తప్పులేదని చెప్పబడింది (24:61). తాము ఇతరులకు ఇబ్బంది అవుతామని వారు వెనకాడేవారని వ్యాఖ్యాతలు రాశారు. ఆ సంకోచం ఇప్పటికీ ఉంది. శాదీ దావత్‌కు పిలుపు వస్తే వికలాంగుడైన అబ్బాయిని ఇంట్లో ఉంచి వెళ్ళే కుటుంబాలు ఎన్ని లేవు! అతని చేతిలో ఫోను పెట్టి వెళ్ళటం దానికి పరిష్కారం కాదు.

14567

పెద్దల కోసం దేశమంతటా పనిచేస్తున్న 'ఎల్డర్ లైన్' అనే ఉచిత ఫోను సేవ మన హైదరాబాదులోనే పుట్టింది. టాటా ట్రస్టులు, విజయవాహిని ఛారిటబుల్ ఫౌండేషన్ కలిసి 2017లో ఇక్కడ చేపట్టిన ప్రయత్నాన్ని కేంద్ర సామాజిక న్యాయ శాఖ తీసుకొని, 2021లో దేశమంతటికీ విస్తరించింది. నంబరు 14567. ఉదయం 8 నుండి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. ఆసుపత్రులు, వృద్ధాశ్రమాల సమాచారం, పింఛను విషయాలు, 2007 చట్టం కింద పోషణ పొందే దారి చెబుతారు. కొట్టడం, వెళ్ళగొట్టడం వంటివి జరిగినప్పుడు, రోడ్డుపై వదిలివేయబడిన వృద్ధులు కనబడినప్పుడు మనుషులను కూడా పంపుతారు. ఏమీ కాకుండా, కేవలం మనసు భారంగా ఉండి మాట్లాడాలనిపించినా ఫోను చేయవచ్చు.

ఇది ఫోను సరిగా వాడబడిన తీరు అని మేము అనుకుంటాం. ఎందుకంటే అవతల వినేది మనిషి, అవసరమైతే వచ్చేదీ మనిషే. పొరుగున ఒంటరి వృద్ధులుంటే ఈ నంబరు వారి ఫోనులో పెట్టి, ఒకసారి మీ ఎదుటే మాట్లాడించండి.

ఇటీవల మాట్లాడే యంత్రాలు కూడా వచ్చాయి. ప్రశ్నిస్తే తెలుగులో జవాబు చెబుతాయి, ఓపికగా వింటాయి. మందు వేళ గుర్తుచేయటానికి, వార్త చదివించుకోవటానికి, తిలావత్ పెట్టమని అడగటానికి అవి మంచివే. కాని మీ అమ్మ తన బాధను రోజూ ఒక యంత్రానికి చెప్పుకుంటోందని తెలిస్తే, యంత్రం బాగుందని మెచ్చుకోవటానికి ముందు ఆమె గదిలోకి వెళ్ళి కూర్చోండి.

మోసగాళ్ళకు కూడా తెలుసు

ఒంటరి మనిషి ఎవరు ఫోను చేసినా మాట్లాడతాడన్న సంగతి మనకన్నా ముందు మోసగాళ్ళు గ్రహించారు. పోలీసులమని, సీబీఐ అని వీడియో కాల్‌లో యూనిఫారంతో కనబడి, మీ పేరుతో పార్శిల్ దొరికింది, 'డిజిటల్ అరెస్టు' చేశాం, ఎవరికీ చెప్పవద్దు అంటారు. అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు. పెద్దలకు మూడు మాటలు చెప్పి ఉంచండి. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. 'ఎవరికీ చెప్పవద్దు' అన్నవాడు మోసగాడు. భయం వేస్తే ఫోను పెట్టేసి ఇంట్లోవారిని పిలవాలి. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. మోసపోయిన తండ్రిని తిట్టకండి. తిట్లకు భయపడే చాలామంది రెండు రోజులు దాచిపెడతారు, ఆ రెండు రోజుల్లో డబ్బు చేతులు మారిపోతుంది.

ఇక ఫోను సిద్ధం చేసి ఇచ్చే పద్ధతి. పేర్లకు బదులు ముఖాల ఫోటోలు పెట్టండి. అక్షరాలు పెద్దవి చేయండి, రింగు గట్టిగా ఉంచండి. అక్కరలేని యాప్‌లన్నీ తీసేయండి. ఛార్జరు మంచానికి అందేచోట ఒకే స్థలంలో ఉండాలి. రీచార్జి తేదీ గుర్తుపెట్టుకునే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి. నేర్పేటప్పుడు వారి చేతనే చేయించండి. ఫోను లాక్కొని మీరు చేసి చూపిస్తే వారు నేర్చుకోలేరు. మనుమలే మంచి గురువులు, వారికి మధ్యాహ్నం తీరిక ఉంటుంది. వారి అనుమతి లేకుండా మంచంమీది ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టకండి. ఊళ్ళోని చెల్లెలి నంబరు, పక్కింటివారి నంబరు, మస్జిద్ ఇమాము నంబరు, 14567, 1930 మొదటి పేజీలోనే ఉండాలి. ఆ తరువాత వచ్చే ఆదివారం ఆ చెల్లెలిని ఊరి నుండి బస్సెక్కించి తీసుకురావటానికి ఎవరు వెళ్తారో ఇంట్లో కూర్చొని నిర్ణయించుకోండి.